తెలుపని రాసిన పన్నెండు సీసాలు

వానల 19వ రోజు

శాల పుస్తకంలో రోజుకి నాలుగు విషయాలే రాయాలి. తేదీ, నిమిషానికి ఎన్ని బొట్లు, ఎన్ని సీసాలు, ఏ రంగు. కింద ‘చూశాను’ అని రాసి పేరు పెట్టాలి. ఇరవై ఆరేళ్ళు గోడపత్రికకి వార్తలు రాసినదాన్ని, నాకది చాలదు. అందుకని ఈ రెండో పుస్తకం పెట్టుకున్నాను. దీన్ని ఎవరూ చదవరు.

నా పేరు వరహాలు. యాభై ఎనిమిదేళ్ళు. బూడిదగుట్ట వేరుచేత శాలలో, బూడిదలోంచి లోహాల్ని వేరుచేసే చోట, తొమ్మిదేళ్ళుగా చూపరిని.

పొద్దున్న నర్సు రాహేలు వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. పల్లపు వీధుల్లో సముద్రపు నీళ్ళు బావుల్లో కలిశాయి. వాంతులు, విరేచనాలు. పిల్లలే ముప్ఫై ఒక్కమంది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పడుతోంది. వాటితోపాటు జింకు చుక్కలు పధ్నాలుగు రోజులు వేస్తే విరేచనాలు త్వరగా కడతాయి, మళ్ళీ తిరగబెట్టవు. ఆమె దగ్గర జింకు లేదు. మా దగ్గరా లేదు. పోయిన విడతలో వచ్చిందంతా నారుమళ్ళకి ఎరువుగా పోయింది.

“ఎంత గావాల?” అని పోలినాయుడు అడిగాడు. గొట్టం పని అతనిది.

“మొత్తం పిల్లలందరికీ కలిపి తొమ్మిది గ్రాములు కూడా కాదు.”

“తొమ్మిది గ్రాములకీ ఆరు దినాలే, తొంబై గ్రాములకీ ఆరు దినాలే, సిస్టరమ్మా. గొట్టానికి బేరాలు తెలీవు.”

“ఆరు రోజులంటే నా దగ్గర ముప్ఫై ఒక్కమందీ ఉండరు నాయుడూ.”

అతను గొట్టం కడగడానికి లేచాడు. 411వ విడత ఇవాళ మొదలైంది.

వానల 20వ రోజు

గొట్టం గాజుది. మనిషంత ఎత్తు, మణికట్టంత లావు. అందులో గసగసాలంత తేనెరంగు గింజలు. వాటిని ఆమ్లంలో నానబెట్టి, జారుగా చేసి, గరిటెతో పోస్తూ నింపాలి. మధ్యలో గాలి బుడగ ఉండకూడదు. ఒకసారి తడిశాక ఎండకూడదు. పోలినాయుడు గొట్టాన్ని వేలితో కొడుతూ, చెవి ఆనించి వింటూ, మధ్యాహ్నం దాకా నింపాడు.

గుట్ట అంటే పాత బ్యాటరీల బూడిద. ఓడలు రావడం మానేశాక మాకు లోహం కావాలంటే అదొక్కటే దారి. బూడిదని ఘాటు ఆమ్లంలో కరిగిస్తే అన్ని లోహాల ఉప్పులూ కలిసిన మురికి ద్రవం వస్తుంది. దాన్ని గింజల మీద పోసి, పైనుంచి ఆమ్లం వదులుతారు. జాడీలు ఆరు. మొదటిది అన్నిటికన్నా ఘాటు, ఆరోది దాదాపు నీళ్ళు.

“ఒక్కోదానికీ ఒక్కో మొండితనం అక్కా” అని నా మొదటి రోజున పోలినాయుడు చెప్పాడు. “నికెలు అసలు పట్టుకోదు, జారిపోతాది. ఘాటు తగ్గించీకొద్దీ కోబాల్టు వొదిలేస్తాది. తరవాత రాగి, తరవాత ఇనుం, తరవాత జింకు. అన్నిటికన్నా ఆకర్న దొంగ.”

దొంగ అంటే కాడ్మియం. దానికి రంగు లేదు. జింకుకీ లేదు. రెండూ చూడ్డానికి నీళ్ళే. ఒకటి పిల్లలకి మందు, ఇంకొకటి మూత్రపిండాలు తినేసే విషం. తేడా తెలియాలంటే సీసాలోంచి ఒక బొట్టు తీసి, ఆమ్లం ఘాటు విరిచి, గంధకపు నీళ్ళు కలపాలి. కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. తెల్లగా విరిగితే జింకు. పసుపు తిరిగితే దొంగ. ఆ బొట్టు చూసి రంగు రాయడం నా పని.

గొట్టం ముట్టుకునేవాడు రాయకూడదు. రాసేవాళ్ళు గొట్టం ముట్టుకోకూడదు. చేయి వేరు, కన్ను వేరు. సీసా నిండితే మార్చడం వరకూ నాకు చెల్లుతుంది. కుళాయి తిప్పడం చెల్లదు.

ఇవాళ గింజలు నింపుతూ పోలినాయుడు పాత పాటే పాడాడు.

“మా తాత కాలంలో కరెంటు పెట్టెలే రాసీవట. మనిసి సూడక్కర్లేదు. నీళ్ళు మంచివని పెట్టె రాసింది. దానికి బొమ్మ కూడా ఏసి సూపించింది. ఆ నీళ్ళు తాగి సగం ఊరు పోనాది. పెట్టె మాత్రం ఇంకా మంచివనే రాస్తన్నాదట.”

“అందుకేగా నాకు కూడు పెడుతున్నారు” అన్నాను.

“నీకు కూడు ఊరికినే ఎవరు పెడతారు? ఇంతవరకూ నీ కన్ను మీద మళ్ళీ కన్ను పడనేదు. అదీ సంగతి.”

నిజమే. చూపరి చూసినదాన్ని ఇంకొకరు మళ్ళీ చూడరు. చూస్తే ఆ మనిషిని అబద్ధాలకోరని నలుగురిలో అన్నట్టే. తొమ్మిదేళ్ళలో నన్నెవరూ అలా అనలేదు.

వానల 22వ రోజు

నికెలు ఆకుపచ్చగా దిగిపోయింది. కోబాల్టు నీలం పట్టీ నిన్న దిగింది. ఇవాళ పొద్దున్న రాగి, సాయంత్రం ఇనుము పసుప్పచ్చగా. నలభై బొట్లు. అన్నీ రంగున్నవే కాబట్టి శాల పుస్తకం రాయడం సులువు.

మధ్యాహ్నం ఒక పిల్లాడు చనిపోయాడు. పదకొండు నెలలు. జింకు ఉంటే బతికేవాడని రాహేలు అనలేదు. నేనడిగితే, “చెప్పలేం వరహాలమ్మగారూ. అప్పటికే బాగా నీరు పోయింది” అంది. ఆ పిల్లాడి మంచంలోకి సాయంత్రానికి ఇంకో బిడ్డ వచ్చింది. లెక్క మళ్ళీ ముప్ఫై ఒకటి.

పోలినాయుడికి కడుపు నొప్పి మొదలైంది. ఒళ్ళు కాలుతోంది. అలాగే కూర్చుని జింకు కోసం సీసాలు కడిగాడు.

వానల 23వ రోజు

జింకు. పన్నెండు సీసాలు. తెలుపు.

వానల 24వ రోజు

నిన్నటి పద్దు అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను. ఇవాళ జరిగినదాన్ని బట్టి చూస్తే ఇక్కడైనా నిజం రాయాలి. వరసగా రాస్తాను.

నిన్న తెల్లవారాక పోలినాయుడు ఐదో జాడీ ఎక్కించాడు. నిలబడలేకపోతున్నాడు. గోడ పట్టుకుని, “బొట్లు నలభైకి పెట్టినాను. సీసా నిండితే మార్చు. అంతే. కుళాయి మాత్రం ముట్టుకోకు అక్కా” అన్నాడు. ఇద్దరు పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు.

నలభై బొట్లకి సీసా నిండడానికి రెండు గంటలు. పన్నెండు సీసాలకి ఒక పగలూ ఒక రాత్రీ. పిల్లలకి సరిపోయే జింకు ఆ పన్నెండింటిలో ఉంటుంది. తర్వాత రెండు సీసాలు వట్టి నీళ్ళు. ఆ తర్వాత దొంగ.

తొమ్మిది గంటలకి కుళాయి తిప్పాను. లెక్కపెట్టాను. నూట ఇరవై బొట్లు. దాదాపు దారంలా పడుతోంది. పదహారు గంటలు కలిసొస్తాయని లెక్క వేసుకున్నాను. అప్పటికి నా మనసులో ఉన్నది ఆ పదకొండు నెలల పిల్లాడే. ఈ మాట నిజం. కానీ ఇది సగమే.

తొమ్మిది సీసాలు తెల్లగా విరిగాయి. పదోది పసుపు తిరిగింది. ముదురు పసుపు కాదు, పాత దంతం రంగు. పదకొండోది ఇంకాస్త. పన్నెండోదానికి సందేహం లేదు. గొట్టానికి ఊపిరి తీసుకునే సమయం ఇవ్వలేదు కాబట్టి దొంగ జింకు వెనకాలే దిగిపోయింది.

మూడు సీసాలూ పారబోయవచ్చు. తొమ్మిది సీసాలతో ఇరవై ముగ్గురు పిల్లలకి మందు అయ్యేది. మిగిలిన ఎనిమిది మందీ ఇంకో విడత దాకా ఆగాలి. ఆగితే వాళ్ళలో ఎవరైనా పోవచ్చు, పోకపోవచ్చు. కానీ నేను లెక్కేసింది అది కాదు. పదో సీసా దగ్గరే దొంగ దిగిందని రాస్తే పోలినాయుడు ఒక్క ప్రశ్న అడుగుతాడు. కుళాయి ఎవరు తిప్పారు అని. ఆ ప్రశ్న రాకూడదు. అందుకని ఆ బొట్లు వేసిన మూడు గిన్నెలూ కడిగేశాను. శాల పుస్తకంలో రాశాను: “నలభై బొట్లు. పన్నెండు సీసాలు. తెలుపు. చూశాను. వరహాలు.”

పిల్లల కోసం కుళాయి తిప్పాను. నా కోసం తెలుపని రాశాను.

నిన్న సాయంత్రం సీసాలు రాహేలుకి ఇచ్చాను. వాటిని ఆవిరి పెట్టి, మిగిలిన ఉప్పుని తూచి చుక్కల మందు కలపాలి. ఒక్కో సీసా మందు విడిగా, సీసా నంబరు వేసి ఉంచుతుంది. కట్టెలు తడిసి పొయ్యి అంటుకోలేదు. ఇవాళ పొద్దున్న అంటుకుంది. మందు పిల్లల నోట్లో పడేసరికి సాయంత్రం నాలుగైంది. నలభై బొట్లకే వదిలేసినా సరిగ్గా ఆ వేళకే అందేది.

ఆరింటికి రాహేలు మనిషిని పంపింది. ఎనిమిది మంది పిల్లలకి వాంతులు. మందు పడిన గంటలోపే.

ఏ సీసాలవి అని నేను అడగలేదు. తెలుసు కాబట్టి.

వానల 25వ రోజు

రాహేలు మందు ఆపేసింది. ఎనిమిది మందికే కాదు, అందరికీ. ఎనిమిది మందీ పది, పదకొండు, పన్నెండు సీసాల పిల్లలేనని ఆమె కనిపెట్టింది. కానీ ఆ మూడూ ఎందుకు చెడ్డాయో తెలియనప్పుడు మిగతా తొమ్మిదింటిని ఏ ధైర్యంతో వాడుతుంది? పది గంటలకి శాలకి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది.

“మీరు చూశారు కదా” అంది.

“చూశాను.”

“నేను మిమ్మల్ని అనుమానించడం లేదు. వేరేవాళ్ళు చూడాలనీ అనడం లేదు. మీరే, మీ అంతట మీరే, ఇంకోసారి బొట్టు వేయించి చూస్తే తప్పేమీ ఉండదనుకుంటున్నాను. ఎవరికీ చెప్పను.”

ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో నాకు కనిపించింది. తలుపు తీసి పట్టుకున్నట్టే. నేను వెళ్ళలేదు.

“ఒకసారి చూశానుగా రాహేలమ్మా” అన్నాను.

ఆమె లేచి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పోలినాయుడు వచ్చాడు. రెండు రోజుల్లో సగమయ్యాడు. పిల్లల సంగతి ఎవరో చెప్పారట. వచ్చీరాగానే గొట్టం పైమూత తీసి చూశాడు. ఖాళీ సీసాల బుట్ట కింద పెట్టి ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూశాడు. గిన్నెలు వాసన చూశాడు.

“జొరం మీద కడిగినానక్కా ఈటిని. పాత విడత సీసాలేటన్నా కలిసిపోనాయేటి? ఆకరి మూడూ నాను ఏ బుట్టలోంచి తీసినానో గేపకం రావట్లేదు.”

“నువ్వు బాగానే కడిగావు” అన్నాను.

“నువ్వలాగే అంటావు. బొట్టు తెల్లగున్నాదంటే గొట్టంలోంచి తెల్లగానే దిగుండాల. నీ కన్ను తప్పు సూడదు కదా. తేడా వొచ్చిందంటే సీసాలోనే వొచ్చుండాల. సీసా నాది.”

అతను పాత సీసాలన్నీ బయటికి తెచ్చి, ఏది ఎక్కడ ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పొద్దుపోయేదాకా నేల మీద పేర్చాడు. నేను సీసాలు అందించాను.

వానల 26వ రోజు

శాల ముందర, రేకుల కింద విచారణ జరిగింది. శాల పెద్ద అచ్చియ్యమ్మ బల్ల మీద కూర్చుంది. పిల్లల తల్లులు వచ్చారు. చూపరి రాసిన పద్దుని చూపరే నలుగురిలో చదవాలి. పుస్తకం నా చేతికిచ్చింది.

చదివాను. “ఇరవై మూడు. నలభై బొట్లు. పన్నెండు సీసాలు. తెలుపు. చూశాను. వరహాలు.” గోడపత్రిక ముందు నిలబడి వరదలు, మరణాలు, ఎన్నికలు ఇదే గొంతుతో చదివేదాన్ని. జనం నమ్మేవాళ్ళు. ఇవాళా నమ్మారు.

“కన్ను సరిగానే ఉన్నాది” అంది అచ్చియ్యమ్మ. “మరి సెయ్యి ఏటంటాది?”

పోలినాయుడు లేచాడు. “అమ్మా, సీసాలు నాను జొరం మీద కడిగినాను. జొరం వొచ్చినప్పుడు పని ఇంకోల్లకి అప్పగించాల. అప్పగించనేదు. నాదే తప్పు.”

“తెలిసే ఒప్పుకుంటన్నావా?”

“తెలిసే.”

చేయి తప్పు చేస్తే పేరు కొట్టేస్తారు. ఇక గొట్టం ముట్టుకోకూడదు. గుట్ట మీద బూడిద తవ్వాలి. అక్కడికి వెళ్ళినవాళ్ళకి దగ్గు మొదలవడానికి రెండేళ్ళు, ఆగిపోవడానికి ఐదారేళ్ళు. ఆగిపోయేది దగ్గు ఒక్కటే కాదు. పోలినాయుడికి నలభై మూడు. పంతొమ్మిదేళ్ళుగా గొట్టాల దగ్గరే ఉన్నాడు.

అచ్చియ్యమ్మ కలం తీసింది. అప్పుడు సూరీడమ్మ అనే అమ్మాయి ముందుకొచ్చింది. ఆమె కూతురు పదకొండో సీసా బిడ్డ. ఏడాదిన్నర పిల్ల. భుజం మీద వేసుకుంది. ఆ పిల్ల ఏడవడం లేదు. ఏడ్చే ఓపిక లేదు.

“తప్పెవులదైతే నాకేటమ్మా” అంది సూరీడమ్మ. “ఆయన్ని గుట్ట మీదికి పంపితే నా పిల్లకి ఏటొస్తాది? కడుపులోకి ఏటి పోనాదో సెప్పండి. అది సెప్పండి సాలు. సిస్టరమ్మ ఏటోటి సేస్తాది. ఏటి పోనాదో తెలీకుండా ఆవిడ మాత్రం ఏటి సేస్తాది?”

ఆ జవాబు తెలిసిన మనిషి ఒక్కతే. ఆ మనిషి పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అచ్చియ్యమ్మ పోలినాయుడి పేరు కొట్టేసింది. రేపు పొద్దున్నుంచి గుట్ట మీద పని.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఇరవై ఆరేళ్ళలో మూడుసార్లు నా వార్తల వల్ల పెద్దవాళ్ళ పదవులు పోయాయి. ముగ్గురినీ ఒకే మాట అడిగాను: మీకు ముందే తెలుసా? ముగ్గురూ నేలచూపులు చూశారు. నాకు వాళ్ళమీద జాలి కలగలేదు.

వానల 27వ రోజు

తెల్లవారగానే రాహేలు దగ్గరికి వెళ్ళాను. ఆమె ఒక పిల్లకి చెంచాతో నీళ్ళు పడుతోంది. పట్టడం అయ్యేదాకా నిలబడ్డాను.

“పది, పదకొండు, పన్నెండు సీసాల్లో కాడ్మియం ఉంది” అన్నాను. “పదిలో తక్కువ. పన్నెండులో ఎక్కువ.”

చెంచా గిన్నెలో పెట్టింది. “ఎలా తెలుసు?”

“చూశాను. బొట్టు పసుపు తిరిగింది. కుళాయి నేనే తిప్పాను. నూట ఇరవై బొట్లు. అది బయటపడుతుందని తెలుపని రాశాను.”

తిడుతుందనుకున్నాను. ఆమె కాగితం తీసుకుంది. పది ఎంత, పదకొండు ఎంత, పన్నెండు ఎంత అని అడిగింది. పసుపు ఎంత ముదురో అడిగింది. ఎవరికి ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్క వేసింది. ఒక్క మోతాదే పడింది, వెంటనే కక్కేశారు కాబట్టి చాలావరకు బయటికే పోయి ఉండొచ్చంది. ఆరుగురికి వాంతులు ఆగాయి. ఇద్దరికి మూత్రం తగ్గింది. వాళ్ళ విషయం చెప్పలేనంది. సూరీడమ్మ కూతురు ఆ ఇద్దరిలో ఒకతి.

“మూడు రోజులు” అంది రాసుకుంటూనే. “ఇదేదో మొన్న నేనడిగినప్పుడు చెప్పి ఉంటే, వరహాలమ్మగారూ, మొన్నే ఈ ఇద్దరికీ నీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టేదాన్ని.”

తర్వాత అడిగింది. “మిగతా తొమ్మిదీ మంచివేనా?”

“మంచివే. తెల్లగా విరిగాయి. నేను...”

అక్కడ ఆగిపోయాను. ఆమె కూడా కాగితం మీంచి తలెత్తి నా వైపు చూసింది. ఇరవై ముగ్గురు పిల్లలకి పనికొచ్చే మందు ఆమె అరలో ఉంది. అది మంచిదనడానికి నా మాట తప్ప ఏ ఆధారమూ లేదు. నా మాట ఇప్పుడే నా చేతులతో నేనే చంపుకున్నాను.

ఇద్దరం అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె అంతా విని, శాల పుస్తకం తెప్పించి, నా పేరు కొట్టేసింది. నేను చూశానని రాసిన నూట ముప్ఫై ఏడు విడతలు ఇక నుంచి ఎవరూ చూడనివే. వాటిలోంచి నారుమళ్ళకి పోయిన జింకు, చెంబులకి పోయిన రాగి, అన్నీ. పోలినాయుడి పేరు మళ్ళీ రాసింది. అతన్ని పిలవడానికి మనిషి వెళ్ళాడు. అప్పటికే పార భుజాన వేసుకుని గుట్ట ఎక్కుతున్నాడట.

అతను వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

“ఎన్ని బొట్లు?”

“నూట ఇరవై.”

“గొట్టం ఎండిపోనేదు కదా?”

“లేదు.”

తలూపాడు. పార గోడకి ఆనించాడు. “మూడు దినాలు నా సేతులే సూసుకున్నానక్కా” అన్నాడు. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఇస్తాడు. ఇచ్చే పని కూడా అతని మీదే పెట్టడం నాకు సబబుగా తోచలేదు.

కొత్త చూపరి రావాలంటే పై ఊరి నుంచి నాలుగు రోజులు. అచ్చియ్యమ్మ అదే మాట అంది. రాహేలు ఒప్పుకోలేదు.

“నాలుగు రోజులు నేను ఆగలేను. ఒక్క మనిషి కన్ను మీద నమ్మకం ఎందుకు? తల్లులందరూ చూస్తారు. రంగు చూడటానికి చదువు అక్కర్లేదు.”

“మరి బొట్టెవులు ఏస్తారు? సెయ్యి రంగు సెప్పకూడదు.”

“నా అరలో ఉన్న మందుల్లోంచి బొట్టు వేసేది నాయుడు. చెప్పేది ఎవరికి కనిపిస్తే వాళ్ళు.”

“ఇలగ ఎప్పుడూ సెయ్యనేదు” అంది అచ్చియ్యమ్మ. తర్వాత, “సెయ్యండి” అంది.

పేరు కొట్టేసిన చూపరి రంగు చూడకూడదు. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. నేను రేకుల కింద ఉన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఇక్కడి నుంచి రాసేది నేను చూసింది కాదు, విన్నది.

తల్లులు ముందుకి జరిగారు. తోసుకోవద్దని రాహేలు అంది. గంధకపు నీళ్ళ మూత తీసిన కంపు నా దాకా వచ్చింది. గాజు గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడు. “ఒకటో సీసా” అన్నాడు పోలినాయుడు. వాన రేకుల మీద పడుతోంది.

“తెలుపు” అంది ఎవరో ముసలావిడ. “ఔను, తెలుపే. పాల విరుగులాగున్నాది” అంది ఇంకొకావిడ. “నాకు కనిపించట్లేదు, జరగండే” అని మరొకావిడ. అందరూ చూసేదాకా పోలినాయుడు ఆగాడు. తర్వాత రెండోది. తెలుపు. మూడోది. తెలుపు. నాలుగోదానికి అందరూ ఒకేసారి అన్నారు. ఏడోదానికి ఎవరో నవ్వారు. ఎనిమిది. తొమ్మిది. తెలుపు. రాహేలు ఊపిరి వదలడం వినిపించింది. ఇరవై ముగ్గురు.

“పదో సీసా” అన్నాడు పోలినాయుడు.

వాన చప్పుడు. ఎవరి ఒళ్ళోనో పిల్ల ఒకతి మూలిగింది. నా వీపు మీద ఎన్ని కళ్ళు ఉన్నాయో నేను చూడలేదు, లెక్క రాయలేను.

“పసుపు” అంది సూరీడమ్మ.

గిన్నె కడిగిన చప్పుడు. పోలినాయుడి గొంతు, పని చేసేటప్పుడు ఎప్పుడూ ఉండే గొంతే.

“పదకొండోది తెండి.”